కెరటాల కాపరులు

ఉద్దేశం: జలాశయాలు, సముద్రతీరాలు, ఈతకొలనుల వద్ద పాటించవలసిన నియమాలను, వాటి వెనుక ఉన్న కారణాలను విద్యార్థులకు తెలియజేయడం. ప్రాణరక్షకుల వృత్తిపట్ల గౌరవం కలిగించడం. తెలుగువారు పరరాష్ట్రంలో చేస్తున్న ఒక గొప్ప సేవను పరిచయం చేయడం.

పూరీ అనగానే మనకు జగన్నాథస్వామి ఆలయం, రథయాత్ర గుర్తుకు వస్తాయి. స్వామి దర్శనానికి వచ్చిన యాత్రికులలో సముద్రస్నానం చేయకుండా తిరిగి వెళ్ళేవారు అరుదు. అక్కడి సముద్రాన్ని భక్తితో 'మహోదధి' అని పిలుస్తారు. ఉదయం సూర్యోదయవేళకే తీరమంతా జనంతో నిండిపోతుంది. ఎక్కడెక్కడినుంచో వచ్చినవారు, జీవితంలో మొదటిసారి సముద్రాన్ని చూస్తున్నవారు వారిలో ఎందరో ఉంటారు. వారికి కెరటాల అందం తెలుసు. కెరటాల బలం తెలియదు.

ఆ బలం తెలిసినవారు కొందరు అదే ఒడ్డున నిలబడి ఉంటారు. తలపైన కోసుగా ఉండే తెల్లని అల్లిక టోపీ పూర్వంనుంచి వారి గుర్తు. స్నానానికి దిగేవారి చేయి పట్టుకొని కెరటం దాటిస్తారు. ఎవరైనా అదుపుతప్పితే క్షణంలో నీటిలోకి దూకుతారు. వారినే అక్కడ 'నోలియాలు' అంటారు.

తెలుగు మాట, పూరీ తీరం

నోలియాలు తెలుగు మాట్లాడే మత్స్యకారులు. వారి పూర్వులు ఉత్తరాంధ్ర తీరంనుంచి చేపల వేటకోసం ఉత్తరంగా వెళ్ళి గంజాం తీరంలోను, గోపాలపురంలోను, పూరీలోను స్థిరపడ్డారు. పూరీలో వారు నివసించే పెద్దపేట పేరు పెంటకట. ఆ పేరు వింటే అనకాపల్లి జిల్లా సముద్రతీరంలోని పెంటకోట గ్రామం మనకు గుర్తుకు రాకమానదు. బయట ఒడియాలో మాట్లాడతారు. యాత్రికులతో హిందీ, బెంగాలీ మాట్లాడతారు. ఇంట్లో, వలల దగ్గర, పడవమీద తెలుగు మాట్లాడతారు.

దుంగలను తాళ్ళతో కట్టిన తెప్పమీద కెరటాలను దాటి వేటకు వెళ్ళడం వారి తరతరాల విద్య. రోజూ ఒడ్డునుంచి కడలిలోకి, కడలినుంచి ఒడ్డుకు రావలసినవాడికి కెరటం ఎక్కడ విరుగుతుందో, నీరు ఏ దారిన వెనక్కి పోతుందో తెలిసి ఉండాలి. తెలియకపోతే బ్రతుకు లేదు. ఆ తెలివినే వారు యాత్రికుల రక్షణకు ఉపయోగించారు. హోటళ్ళవారు తమ అతిథులకు తోడుగా నోలియాలను పంపే అలవాటు ఏర్పడింది. తరువాతి కాలంలో ప్రభుత్వం శిక్షణ ఇచ్చి లైఫ్‌గార్డులను, అంటే ప్రాణరక్షకులను, తీరంలో నియమించింది. వారిలోను నోలియా కుటుంబాలవారు ఉన్నారు.

తీరంలో జరిగే ఒక సంభాషణను ఊహించుకుందాం. బరంపురంనుంచి ఒక తెలుగు కుటుంబం పూరీ వచ్చింది. తండ్రి పిల్లలను నీటిలో దించబోతున్నాడు.

తండ్రి: పెద్దాయనా! ఇక్కడ కెరటాలు మరీ పెద్దవిగా ఉన్నాయి. అదిగో, అక్కడ నీళ్ళు నిమ్మళంగా ఉన్నాయి కదా. పిల్లల్ని అక్కడ దింపుతాను.

నోలియా: వద్దు బాబూ, అటు దింపకండి. కెరటం ఇరగని చోటే మోసం. ఒడ్డుకొచ్చిన నీరంతా ఆ దారినే ఎనక్కి ఎల్తాది. కాలు పెడితే మనల్ని కూడా తీసుకెల్తాది.

అమ్మాయి: తాతా! నీకెలా తెలుసు? నాకు అన్ని నీళ్ళూ ఒక్కలాగే ఉన్నాయి.

నోలియా: రంగు చూడు తల్లీ. అక్కడ నీరు నల్లగా కనబడతాది. నురుగు చూడు. ఇక్కడ నురుగు ఒడ్డుకొస్తోంది. అక్కడ లోపలికి పోతోంది. నిన్న ఆ దారి అక్కడ లేదు. రేపు ఇంకో చోటికి పోతాది. అందుకే రోజూ పొద్దున్నే చూసుకోవాల.

తండ్రి: మాకు ఈత వచ్చు పెద్దాయనా.

నోలియా: చెరువులో ఈత ఏరు బాబూ, ఇది ఏరు. నాకు ఇక్కడే పుట్టిపెరిగిన ఈత. నేనే దానికి ఎదురీదను.

ఈ చివరి మాటను మనం గుర్తుంచుకోవాలి. పుట్టుకతో సముద్రం తెలిసినవాడే ఎదురీదనంటున్నాడు. కొత్తగా వచ్చినవాడు ఎదురీదగలనంటున్నాడు. ప్రమాదాలు ఎక్కువగా జరిగేది ఇక్కడే.

నీరు పల్లమెరుగు

'నీరు పల్లమెరుగు' అని మన పెద్దలు చెప్పిన సామెత అందరికీ తెలిసినదే. నోలియా చెప్పిన రహస్యం ఆ సామెతలోనే ఉంది.

కెరటాలు నిరంతరం నీటిని ఒడ్డుకు తోస్తూ ఉంటాయి. ఒడ్డుకు వచ్చిన నీరు అక్కడే నిలిచిపోదు. తిరిగి సముద్రంలోకి పోవాలి. తీరానికి కొంత దూరంలో నీటి అడుగున ఇసుక మేటలు ఉంటాయి. మేటలమీద లోతు తక్కువ కాబట్టి కెరటాలు అక్కడ విరిగి తెల్లగా నురగలు కక్కుతాయి. రెండు మేటల నడుమ సందు ఉన్నచోట అడుగు పల్లంగా ఉంటుంది. ఒడ్డున పోగైన నీరంతా ఆ పల్లాన్ని వెతుక్కొని, ఇరుకైన ఆ దారిగుండా వేగంగా లోపలికి పరుగెత్తుతుంది. దీనినే ఇంగ్లీషులో 'రిప్ కరెంట్' అంటారు. మనం దీనిని 'లాగుడు ప్రవాహం' అందాం.

లోతు ఎక్కువ ఉన్నచోట కెరటాలు విరగవు. అందుచేత లాగుడు ప్రవాహం ఉన్నచోటు చూపుకు ప్రశాంతంగా కనిపిస్తుంది. తెలియనివారు అదే మంచిచోటు అనుకొని దిగుతారు. ఈ ప్రవాహం కొన్ని సమయాల్లో సెకనుకు ఎనిమిది అడుగుల వేగాన్ని కూడా అందుకుంటుంది. ఒలింపిక్ ఈతగాళ్ళకు కూడా అంత వేగం సాధ్యం కాదు. ఇక సామాన్యుల సంగతి చెప్పేదేముంది?

అయితే ఒక సంగతి తెలిస్తే భయపడవలసిన పని లేదు. లాగుడు ప్రవాహం మనిషిని లోపలికి లాగుతుందే కాని అడుగుకు ముంచదు. మనుషులు మునిగిపోయేది దానికి ఎదురీది అలసిపోవడంవల్ల. కనుక దానిలో చిక్కుకున్నవారు చేయవలసిన పనులు ఇవి:

1. ఒడ్డువైపు ఎదురీదకూడదు. ముందుగా కంగారు మానాలి.
2. వెల్లకిలా తేలుతూ ఊపిరి నిలుపుకోవాలి.
3. ఒక చేయి పైకెత్తి ఊపుతూ సహాయం కోరాలి.
4. ఓపిక ఉన్నవారు ఒడ్డుకు సమాంతరంగా, అంటే తీరం పొడవునా పక్కకు ఈదాలి. ప్రవాహం ఇరుకైనది కాబట్టి దానినుంచి బయటపడవచ్చు. కెరటాలు విరుగుతున్న చోటికి చేరాక, వాటితోపాటు ఒడ్డుకు రావాలి.

జెండాల భాష

నోలియా తీరాన్ని చూసి చదివినదాన్ని అందరికీ నోటితో చెప్పలేడు. వేలమంది ఉన్న తీరంలో, కెరటాల హోరులో మాట వినబడదు. అందుకే జెండాలు వచ్చాయి. లైఫ్‌గార్డులున్న తీరాలలో ఈ జెండాలకు చాలా దేశాలలో ఒకే అర్థం ఉంటుంది. ఏ భాషవారికైనా ఇవి అర్థమవుతాయి.

పైన ఎరుపు, కింద పసుపు ఉన్న జెండా: ఇక్కడ లైఫ్‌గార్డులు కాపలా ఉన్నారు. ఇటువంటి రెండు జెండాల మధ్యనే స్నానం చేయాలి.

పసుపు జెండా: నీటిలో కొంత ప్రమాదం ఉంది. ఈత బాగా రానివారు దిగకూడదు.

ఎర్ర జెండా: ప్రమాదం తీవ్రంగా ఉంది. ఎవరూ దిగకూడదు. రెండు ఎర్ర జెండాలు ఒకచోట ఎగురుతుంటే తీరాన్ని స్నానాలకు పూర్తిగా మూసివేశారని అర్థం.

ఊదారంగు జెండా: కుట్టే జెల్లీచేపల వంటి సముద్రజీవులు ఉన్నాయి.

ఏ జెండా లేని తీరాన్ని చూసి ఇక్కడ ప్రమాదం లేదని అనుకోరాదు. కాపలా లేదని మాత్రమే దాని అర్థం.

2020 అక్టోబరులో పూరీలోని గోల్డెన్ బీచికి, విశాఖపట్నం దగ్గరి రుషికొండకు, కర్ణాటకలోని కాసరకోడు, పడుబిద్రి తీరాలకు 'బ్లూ ఫ్లాగ్' అనే అంతర్జాతీయ గుర్తింపు లభించింది. 2021లో చెన్నై దగ్గరి కోవళం తీరానికి కూడా అది దక్కింది. ఈ గుర్తింపు ఇచ్చేముందు నీటి శుభ్రతతోపాటు లైఫ్‌గార్డులు ఉన్నారా, ప్రథమచికిత్స సామగ్రి ఉందా అన్నవి కూడా పరిశీలిస్తారు. ఏటేటా తిరిగి పరిశీలించే గుర్తింపు కనుక ఒకసారి సంపాదించి ఊరుకుంటే చాలదు, నిలబెట్టుకోవాలి.

నియమాలు ఎవరు చేస్తారు?

పట్టణంలోని ఉద్యానవనాలు, ఆటస్థలాలు, ప్రజాసౌకర్యాలు పురపాలక సంఘాల బాధ్యత. 1992లో జరిగిన 74వ రాజ్యాంగ సవరణ ఈ సంస్థలకు రాజ్యాంగంలో స్థానం కల్పించింది. అది 1993 జూన్ 1 నుంచి అమలులోకి వచ్చింది. ప్రజల ఈతకొలనులను నడిపేది, వాటికి నియమాలు ఏర్పరచేది సాధారణంగా ఈ సంస్థలే. సముద్రతీరాల విషయంలో జిల్లా అధికారులు, పోలీసులు, అగ్నిమాపక దళం, పర్యాటక శాఖ కూడా కలిసి పనిచేస్తాయి. సముద్రంలో పెద్ద కెరటాలు రానున్నాయన్న హెచ్చరికలను హైదరాబాదులోని భారత జాతీయ మహాసముద్ర సమాచార కేంద్రం జారీచేస్తుంది.

ఋతువునుబట్టి నియమాలు మారతాయి. నైరుతి ఋతుపవనాల కాలంలో పడమటి సముద్రం ఉగ్రంగా ఉంటుంది. కర్ణాటకలోని మల్పే వంటి తీరాలలో ఆ నెలలలో నీటిలో దిగడాన్ని అధికారులు నిషేధిస్తారు. ముంబైలో గణేశ నిమజ్జనం రోజున గిర్గావ్ చౌపాటీ, జుహూ తీరాలలో నగరపాలక సంస్థ లైఫ్‌గార్డులను నిలుపుతుంది. 2019 మే 3న 'ఫణి' తుపాను పూరీ దగ్గర తీరం దాటింది. దానికి ముందే యాత్రికులను పట్టణంనుంచి పంపివేశారు.

నియమం అంటే ప్రజలకు మాత్రమే కాదు, అధికారులకు కూడా బాధ్యతే. దీనికి ఒక విషాద ఉదాహరణ ఉంది. 2014 జూన్ 8న హైదరాబాదునుంచి విహారయాత్రకు వెళ్ళిన ఇంజనీరింగు విద్యార్థులు హిమాచల్ ప్రదేశ్‌లోని బియాస్ నదిలో దిగి రాళ్ళమీద నిలబడి ఫొటోలు తీసుకుంటున్నారు. ఎగువన ఉన్న లార్జీ జలవిద్యుత్ కేంద్రం ఆనకట్టనుంచి నీరు వదలడంతో నది ఒక్కసారిగా పొంగింది. 24 మంది విద్యార్థులు, వారితో వెళ్ళిన యాత్రా నిర్వాహకుడు కొట్టుకుపోయారు. తగిన హెచ్చరిక ఇవ్వకపోవడంపై అక్కడి హైకోర్టు విచారణ జరిపి, బాధిత కుటుంబాలకు నష్టపరిహారం చెల్లించాలని ఆదేశించింది. పరిహారం అందినా ఆ బిడ్డలు తిరిగిరారు. హెచ్చరిక ఇవ్వడం అధికారుల ధర్మం. దానిని పెడచెవిన పెట్టకపోవడం ప్రజల ధర్మం. ఈ రెండింటిలో ఏది లోపించినా నష్టపోయేది ప్రాణమే.

నదులున్న ఊళ్ళవారు ఈ సంగతి మరీ గుర్తుంచుకోవాలి. గోదావరి ఒడ్డున ఉన్న యానాం పిల్లలకు ఏరు ఇంటిముంగిట ఆడుకునే చోటువంటిది. కాని నిన్న మోకాలిలోతు ఉన్నచోట ఇవాళ నిలువులోతు ఉండవచ్చు. ఇసుక తవ్విన గుంటలు పైకి కనబడవు. స్నానఘట్టం దగ్గర కట్టిన గొలుసును, కడ్డీలను దాటి పోరాదు. ఆనకట్టకు దిగువన ఉన్నప్పుడు సైరన్ వినబడితే సామాన్లు సర్దుకుంటూ ఆలస్యం చేయక, వెంటనే గట్టెక్కాలి.

ఈతకొలనులో

సముద్రంగాని, పెద్ద నదిగాని లేని ఊళ్ళలో చాలామంది ఈత నేర్చుకునేది ఈతకొలనులోనే. అక్కడి గోడమీద రాసిన నియమాలు కొందరికి విసుగు పుట్టిస్తాయి. ఒక్కొక్క నియమానికీ కారణం తెలిస్తే ఆ విసుగు పోతుంది.

'కొలనులో దిగేముందు స్నానం చేయవలెను.' నీటిలోని క్రిములను చంపడానికి క్లోరిన్ కలుపుతారు. ఒంటిమీది చెమట, మురికి క్లోరిన్‌తో కలిస్తే కళ్ళను మండించే పదార్థాలు తయారవుతాయి. క్రిములను చంపవలసిన క్లోరిన్ కూడా అలా వృథా అవుతుంది.

'గట్టుమీద పరుగెత్తరాదు.' తడిసిన గచ్చు జారుతుంది. తలకు దెబ్బ తగిలి స్పృహ తప్పి నీటిలో పడినవాడు కేకవేయలేడు.

'లోతు తక్కువ ఉన్నచోట తలకిందుగా దూకరాదు.' తల అడుగుకు తగిలితే మెడ ఎముక విరగవచ్చు. అటువంటివారు బ్రతికినా జీవితాంతం కాళ్ళు చేతులు కదపలేని స్థితి రావచ్చు.

'చిన్నపిల్లలవెంట పెద్దలు ఉండవలెను.' మునిగిపోతున్నవాడు సినిమాలో చూపినట్లు చేతులు ఆడించి అరుస్తాడని మనం అనుకుంటాం. చాలాసార్లు అలా జరగదు. నోరు నీటిలో మునిగి తేలుతుంటే ఊపిరి తీసుకోవడానికే సమయం చాలదు. ఇక అరవడానికి వీలెక్కడిది? పక్కనే ఉన్నవారికి కూడా తెలియకుండా నిమిషం లోపల మనిషి మునిగిపోవచ్చు. అందుచేత పెద్దలు పిల్లలను కంటికి రెప్పలా చూసుకోవాలి. లైఫ్‌గార్డు ఉన్నాడుకదా అని తమ బాధ్యత మరువరాదు.

'విధిలో ఉన్న లైఫ్‌గార్డుతో కబుర్లు చెప్పరాదు.' అతడు ఊరికే కూర్చున్నట్లు కనిపిస్తాడు. నిజానికి అతని చూపు కొలనులో ఒక అంచునుంచి మరొక అంచుకు తిరుగుతూనే ఉంటుంది. ఎందరు దిగారు, ఎందరు తేలుతున్నారు అని లెక్కచూసుకుంటూనే ఉంటాడు. మనం అతని చూపు మళ్ళించిన ఆ నిమిషమే మరొకరి ఆఖరి నిమిషం కావచ్చు.

రక్షించబోయి మునగరాదు

ఎవరో మునుగుతున్నారు. ఒడ్డున ఉన్న అన్న దూకుతాడు. అన్నకోసం తండ్రి దూకుతాడు. ఒక ప్రాణం పోవలసినచోట మూడు ప్రాణాలు పోతాయి. పత్రికలలో ఇటువంటి వార్తలు మనం చదువుతూనే ఉంటాం. మునిగేవాడు తనను పట్టుకోవడానికి వచ్చినవాడి మెడను గట్టిగా చుట్టేస్తాడు. అది అతని తప్పు కాదు, ప్రాణభయం. శిక్షణ పొందినవారికి ఆ పట్టునుంచి తప్పించుకొని, వెనుకనుంచి పట్టుకొనే ఉపాయం తెలుసు. మనకు తెలియదు.

మరి మనం చూస్తూ ఊరుకోవాలా? అక్కరలేదు. మూడు మాటలు గుర్తుంచుకోవాలి: పిలువు, చాపు, విసురు. ముందుగా గట్టిగా కేకవేసి లైఫ్‌గార్డును, చుట్టుపక్కలవారిని పిలవాలి. 112కు గాని 108కు గాని ఫోను చేయించాలి. గట్టుమీద బోర్లా పడుకొని కర్ర, వెదురుగడ, పంచె, చీర, ఏది దొరికితే అది చాపాలి. అందనంత దూరంలో ఉంటే గాలి నింపిన ట్యూబు, మూత బిగించిన ఖాళీ డబ్బా, తాడు విసరాలి. మూత బిగించిన ఒక ఖాళీ నూనెడబ్బా మనిషిని చాలాసేపు తేల్చగలదు.

ఒడ్డుకు చేర్చిన మనిషిని తలకిందులు చేసి తిప్పడం, భుజంమీద వేసుకొని పరుగెత్తడం, కడుపు నొక్కి నీరు కక్కించబోవడం మన ఊళ్ళలో చూస్తుంటాం. ఇవన్నీ పొరపాట్లు. ఊపిరి ఆగిన నాలుగైదు నిమిషాలకే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. ఆ విలువైన కాలం ఈ పనులతో వృథా అవుతుంది. అప్పుడు చేయవలసింది నోటిద్వారా ఊపిరి అందించడం, ఛాతీమీద లయగా నొక్కడం. వీటిని పుస్తకం చదివి నేర్చుకోలేము. శిక్షణ పొందినవారి దగ్గర చేతితో చేసి నేర్చుకోవాలి. స్కౌట్లు, ఎన్.సి.సి., రెడ్‌క్రాస్ శిబిరాలలో అవకాశం వస్తే తప్పక నేర్చుకోండి.

కనబడని విజయం

మన దేశంలో 2021లో నీట మునిగి మరణించినవారి సంఖ్య 36 వేలకు పైగా ఉన్నట్లు జాతీయ నేర రికార్డుల సంస్థ నమోదుచేసింది. ఇవి మరునాడు పత్రికలలో వార్తలవుతాయి. కాని 'నిన్న మన తీరంలో ఎవరూ మునగలేదు' అని ఏ పత్రికా రాయదు. లైఫ్‌గార్డు విజయం ఎప్పుడూ ఇటువంటిదే. అతడు ఈల వేసినప్పుడు వెనక్కి వచ్చినవారికి తాము ఒక ప్రమాదం తప్పించుకున్నామని కూడా తెలియదు. కొందరు తమ సరదా పాడుచేశాడని కోపగించుకుంటారు కూడా. అతడు ఆ కోపాన్ని సహించి మళ్ళీ నీటివైపు చూస్తాడు.

తీరంమీది ఫలకాలపై రాసిన నియమాలు ఎవరో కార్యాలయంలో కూర్చొని కల్పించినవి కావు. నోలియాల వంటివారు తరతరాలుగా ప్రాణాలొడ్డి తెలుసుకొన్న సంగతులే ఆ అక్షరాలలో ఉన్నాయి. జెండా రంగుకు, ఈల మోతకు, కోసుటోపీ పెద్దాయన 'వద్దు బాబూ' అన్న మాటకు అర్థం ఒక్కటే. ఆ మాట అన్నవాడు మనకంటె సముద్రాన్ని బాగా ఎరిగినవాడు. అతని మాట వినడమే మనం అతనికి ఇవ్వగల గౌరవం.

పదాలు - అర్థాలు

ఉదధి = సముద్రం
కెరటం = అల, తరంగం
మేట = నీటి అడుగున లేక ఒడ్డున పేరుకొన్న ఇసుక దిబ్బ
తెప్ప = దుంగలు కట్టి చేసిన చిన్న నావ
పల్లం = దిగువ నేల
నిమ్మళం = నెమ్మది, ప్రశాంతత
ఉగ్రం = భయంకరం
ఫలకం = పలక, బోర్డు
పెడచెవిన పెట్టు = మాటను లెక్కచేయకపోవు
ప్రాణాలొడ్డు = ప్రాణాలకు తెగించు

ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు రెండు మూడు వాక్యాలలో సమాధానాలు రాయండి.
1. నోలియాలు ఎవరు? వారు పూరీకి ఎందుకు వచ్చారు?
2. లాగుడు ప్రవాహం ఉన్నచోటును ఎలా గుర్తించవచ్చు?
3. ఈతకొలనులో దిగేముందు స్నానం చేయాలనడానికి కారణమేమిటి?
4. మునుగుతున్నవాడు చాలాసార్లు ఎందుకు కేకవేయలేడు?

II. కింది ప్రశ్నలకు పదేసి వాక్యాలలో సమాధానాలు రాయండి.
1. 'నీరు పల్లమెరుగు' అనే సామెత లాగుడు ప్రవాహానికి ఎలా సరిపోతుందో వివరించండి.
2. నీటి ప్రమాదాల నివారణలో అధికారుల బాధ్యత ఏమిటి? ప్రజల బాధ్యత ఏమిటి?
3. లైఫ్‌గార్డు విజయం కనబడనిదని రచయిత ఎందుకు అన్నారు? ఇటువంటి కనబడని సేవ చేసేవారు మీ ఊళ్ళో ఎవరున్నారు?

III. ఎవరు, ఎవరితో అన్నారు?
1. 'కెరటం ఇరగని చోటే మోసం.'
2. 'నాకు అన్ని నీళ్ళూ ఒక్కలాగే ఉన్నాయి.'

భాషాంశాలు

అ. కింది పదాలను విడదీసి సంధి పేరు రాయండి.
ఉదాహరణ: మహోదధి = మహా + ఉదధి (గుణసంధి)
1. సూర్యోదయం 2. జలాశయం 3. పల్లమెరుగు 4. ప్రాణాలొడ్డు

ఆ. కింది సమాసాలకు విగ్రహవాక్యాలు రాసి, సమాసం పేరు తెలపండి.
1. సముద్రతీరం 2. కాళ్ళు చేతులు 3. ప్రాణభయం 4. మూడు మాటలు

ఇ. కింది వాటిని సొంత వాక్యాలలో ప్రయోగించండి.
1. కంటికి రెప్పలా 2. పెడచెవిన పెట్టు 3. గట్టెక్కు

ఈ. నోలియా మాటలలో 'ఎల్తాది', 'ఇరగని', 'ఎనక్కి', 'ఏరు' (వేరు) వంటి మాటలు ఉన్నాయి. ఇవి ఉత్తరాంధ్ర వాడుకలోని రూపాలు. వీటికి పాఠ్యపుస్తక భాషలోని రూపాలు రాయండి. మీ ఇంట్లో ఈ మాటలను ఎలా పలుకుతారో పెద్దలను అడిగి రాయండి.

చేయండి

1. మీ ఊరి చెరువుగట్టున, స్నానఘట్టం వద్ద, ఈతకొలనులో లేక సముద్రతీరంలో ఉన్న హెచ్చరిక ఫలకం ఏ భాషలో ఉందో చూడండి. దానిని తెలుగులోకి రాసి తరగతి గదిలో ప్రదర్శించండి. అక్కడ ఫలకం లేకపోతే, పెట్టించవలసిందిగా కోరుతూ పురపాలక సంఘ అధ్యక్షులకు గాని, గ్రామ పంచాయతీకి గాని ఒక లేఖ రాయండి.

2. జూలై 25ను ప్రపంచ నీటిమునక నివారణ దినంగా ఐక్యరాజ్యసమితి సర్వసభ్యసభ 2021లో ప్రకటించింది. ఆ రోజున మీ పాఠశాలలో 'పిలువు, చాపు, విసురు' పద్ధతిని నేలమీద, ఉపాధ్యాయుల సమక్షంలో తాడు, ఖాళీ డబ్బాలతో ప్రదర్శించండి.